వ్రేళ్ళకు నేర్పవలసిన విద్య

ఏదేని ఒక పనియందు ఆరితేరిన వానిని మనము తెలుగున ‘చేయి తిరిగినవాడు’ అందుము. ఉర్దూలో అట్టి నేర్పు అలవడుటను ‘హాథ్ బైఠ్‌నా’, అనగా చేయి కుదురుకొనుట, అందురు. నేర్పునకు స్థానము తల మాత్రమే కాదు, చేయి కూడ అని రెండు భాషల పెద్దలును గ్రహించిరి. వంటవానికి ఉప్పు పాళ్ళు చేతికే తెలియును. ఖుష్‌నవీసు కలము వంపు తిరుగుటకు ముందు ఆలోచింపదు. మేమీ వ్యాసమున అట్టి చేతి విద్యలలో మిక్కిలి చిన్నదగు ఒకదానిని గూర్చి విద్యార్థులకు వివరింపదలచితిమి. కంప్యూటరుపై వ్రాతపని చేయునపుడు మౌసు జోలికి పోక, మీటల కలయికతోనే పనులు జరుపుకొను పద్ధతి యది. దీనినే కీబోర్డు షార్ట్‌కట్టు అందురు. మన మాటలో దగ్గరి దారి యనవచ్చును.

తెలుగు బోధించువారికి ఈ విషయముతో పనియేమని కొందరు నవ్వవచ్చును. పని కలదు. మేము ఎం.ఏ. చివరి సంవత్సరమున సమర్పింపవలసిన వ్యాసమును ఒక అద్దె కంప్యూటరు ముందు కూర్చుండి మేమే టైపు చేసికొంటిమి. నలువది పుటలు పూర్తియైన రాత్రి, అక్షరముల పరిమాణము మార్చుటకై పాఠమునంతటిని ఒక్కసారిగా ఎంపిక చేసి, పొరపాటున ఒక అక్షరపు మీటను నొక్కితిమి. నలువది పుటలును మాయమై, తెరపై ‘క’ యను అక్షరమొక్కటి మిగిలెను. గుండె జారినది. ఏమి చేయుటకును తోచక, కంగారులో దానినే సేవ్ చేసి, ఎడిటరును మూసివేసితిమి. మరునాడు ఒక మిత్రుడు విని, “కంట్రోలు పట్టి జెడ్ నొక్కియుండిన పోయినదంతయు తిరిగి వచ్చెడిది గదా!” అనెను. విచారింపదగిన సంగతి యేమనగా, ఆ ముక్క మేము అంతకు మునుపే ఒక పుస్తకమున చదివియుంటిమి. తెలియక నష్టపోలేదు, తెలిసినది ఆ క్షణమున వ్రేళ్ళకు అందక నష్టపోతిమి. పదునొకండు దినములు కూర్చుండి మరల టైపు చేసితిమి. తెలియుట వేరు, వేళకు స్ఫురించుట వేరు అను సత్యము మాకు అప్పుడు బోధపడినది.

మీటల పూర్వకథ

షార్ట్‌కట్లను కంఠస్థము చేయలేమని విద్యార్థులు చెప్పుటకు ముఖ్య కారణము, అవి అర్థములేని గుర్తులుగా తోచుటయే. నిజమునకు వానిలో పెక్కింటికి పుట్టుపూర్వోత్తరములు కలవు. కథ తెలిసిన గుర్తు సులభముగ మరువబడదు.

కంట్రోలు మీటనే చూడుడు. 1963లో అమెరికాలో ‘ఆస్కీ’ యను సంకేత పట్టికను నిర్ణయించిరి. అందు ప్రతి ఆంగ్లాక్షరమునకు ఒక సంఖ్య కలదు. పెద్దబడి హెచ్ అక్షరము సంఖ్య 72. కంట్రోలు మీట చేయు పనియేమనగా ఆ సంఖ్య నుండి 64 తీసివేయుట. 72 నుండి 64 పోగా 8 మిగులును. ఆ పట్టికలో 8 అనగా ఒక అక్షరము వెనుకకు జరుగుమను ఆజ్ఞ. ఎమ్ సంఖ్య 77. అందు 64 పోగా 13, అనగా పంక్తి మొదటికి రమ్మను ఆజ్ఞ. జి సంఖ్య 71. 64 పోగా 7, అనగా గంట మ్రోగింపుమను ఆజ్ఞ. దూరముద్రణ యంత్రములు నిజముగా గంట మ్రోగించెడి కాలమది. నేటికిని పెక్కు టెర్మినళ్ళలో కంట్రోలు హెచ్ వెనుకకు చెరుపుచునే యున్నది. మంత్రమని తలచినది తుదకు తీసివేత లెక్కయని తేలినది.

1976లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణమున బిల్ జాయ్ అను విద్యార్థి ‘వీఐ’ యను ఎడిటరును నిర్మించెను. ఆయన టెలిఫోను తీగ మీద క్షణమునకు 300 బిట్ల వేగముతో పనిచేసెడివాడు. అనగా సెకనుకు సుమారు 30 అక్షరములు. 80 అక్షరముల వెడల్పు, 24 పంక్తులు గల తెర నిండుటకు 1920 అక్షరములు కావలెను. ఆ వేగమున ఒక నిమిషము దాటును. అందువలన ఆజ్ఞలు ఒకటి రెండక్షరములకు మించరాదయ్యెను. ఆయన వాడిన ఏ.డి.ఎమ్. 3ఏ యను టెర్మినలుపై బాణపు గుర్తులకు వేరు మీటలు లేవు. హెచ్, జె, కె, ఎల్ అను అక్షరముల మీదనే ఆ గుర్తులు ముద్రింపబడియుండెను. ఎడమకు హెచ్, క్రిందికి జె, పైకి కె, కుడికి ఎల్ అను నేటి వాడుకకు అదియే మూలము. ఎస్కేప్ మీట అందు నేటి ట్యాబ్ మీట స్థానమున, చిటికెన వ్రేలికి అందుబాటులో నుండెను. నేటి కీబోర్డులపై అది దూరమై మూలకు చేరుటచే కొత్తవారికి చేయి సాచవలసివచ్చుచున్నది.

అదే 1976లో మస్సాచుసెట్స్ సాంకేతిక సంస్థయందు రిచర్డ్ స్టాల్‌మన్ ప్రభృతులు ‘ఈమాక్స్’ను రూపొందించిరి. కత్తిరించుట, అతికించుట అను పద్ధతిని 1970లలో జిరాక్స్ సంస్థవారి పరిశోధనాలయమున లారీ టెస్లర్, టిమ్ మాట్ అనువారు సులభమొనరించిరి. ఎక్స్, సి, వి, జెడ్ అక్షరములకు కత్తిరింపు, నకలు, అతికింపు, రద్దు అను పనులను అప్పగించినది 1983లో వచ్చిన ఆపిల్ సంస్థవారి ‘లీసా’ కంప్యూటరు. ఈ నాలుగు మీటలును ఎడమచేతి క్రింది వరుసన పక్కపక్కనే యుండుటను గమనింపుడు. ఎక్స్ కొట్టివేత గుర్తు వంటిది. వి మధ్యలో చొప్పించుటకు దిద్దువారు పెట్టు గుర్తును తలపించును. వీఐకి విస్తృత రూపమైన ‘విమ్’ను 1991లో వెలువరించిన బ్రామ్ మూలెనార్, దానిని ఉచితముగా ఇచ్చి, తృప్తిచెందినవారు యుగాండా దేశపు అనాథ బాలలకు సాయపడుడని కోరెను. ఆయన 2023లో దివంగతుడయ్యెను.

దగ్గరి దారి ఎంత దగ్గర?

కార్డ్, మొరాన్, న్యూయెల్ అను ముగ్గురు పరిశోధకులు 1980లోను, తరువాత 1983 నాటి తమ గ్రంథమునందును ఈ పనులకు పట్టు కాలమును లెక్కగట్టిరి. నేర్పు గల టైపిస్టు ఒక మీటను నొక్కుటకు సుమారు 0.2 సెకను. చేతిని కీబోర్డు నుండి మౌసునకు చేర్చుటకు 0.4. మౌసుతో ఒక చోటును గురిచూచుటకు 1.1. చేయబోవు పనిని మనస్సులో సిద్ధపరచుకొనుటకు 1.35.

ఈ లెక్కను ఒక నకలు తీయు పనికి అన్వయింతము. మౌసునకు చేయి పోవుటకు 0.4, మెనూను గురిచూచుటకు 1.1, నొక్కుటకు 0.2, మెనూలోని మాటను గురిచూచుటకు 1.1, మరల నొక్కుటకు 0.2, చేయి తిరిగి వచ్చుటకు 0.4, మొత్తము 3.4 సెకనులు. మీటలతో నైనచో రెండు నొక్కులు, 0.4 సెకను. వ్యత్యాసము మూడు సెకనులు. దినమునకు రెండు వందల పర్యాయములు ఇట్టి పనులు చేయువానికి పది నిమిషములు మిగులును.

అయితే ఇందొక మెలిక కలదు. మీట ఏదియో ఆలోచింపవలసివచ్చిన 1.35 సెకను కలిసి లాభము సగమునకు తగ్గును. గోడపై పట్టిక చూడవలసివచ్చినచో లాభము పోయి నష్టమే వచ్చును. అందుచేతనే జనులు మౌసును విడువరు. అది వారి సోమరితనము కాదు. మొదటి దినమున మౌసే నిజముగా వేగము. నేర్చుకొనుటకై ఆగిన పని వెనుకబడునను భయముచే మనుష్యులు తెలిసిన త్రోవనే పట్టుకొని వ్రేలాడుదురని కారొల్, రాసన్ అను పరిశోధకులు 1987లో విశదీకరించిరి. ఏండ్ల తరబడి కంప్యూటరు వాడినంత మాత్రమున షార్ట్‌కట్లు వాటంతట అవి అలవడవు. కోరి అభ్యసింపవలెను.

స్మృతి యెట్లు నిలుచును?

జర్మనీ దేశపు ఎబింగ్‌హౌస్ 1885లో అర్థరహితములైన అక్షర సముదాయములను తానే వల్లించి, తానే పరీక్షించుకొని, మరుపు తొలి గంటలలోనే వేగముగ సాగి పిదప నెమ్మదించునని కనుగొనెను. విరామము లిచ్చుచు వల్లించినది ఒకే బిగిని వల్లించిన దానికంటె నిలుచుననియు చూపెను. 1956లో జార్జి మిల్లర్, మనస్సు ఒక్కసారి పట్టగల అంశములు ఏడునకు అటునిటుగా రెండు మాత్రమేనని వ్రాసెను. నూరు షార్ట్‌కట్ల పట్టికను ఒక్క రాత్రి చదివిన విద్యార్థికి తెల్లవారుసరికి ఏమియు మిగులకుండుటలో వింతలేదు.

ఈ శాస్త్రము మన యిండ్లకు కొత్తది కాదు. ఖురాను కంఠస్థము చేయించు మదరసాలలో పాఠము మూడు పాళ్ళుగ నుండును. నేటి కొత్త పాఠము ‘సబక్’; ఇటీవలి దినములలో చదివినది ‘సబ్‌కీ’; పాతదానిని వంతులవారీగ తిరుగవేయుట ‘మంజిల్’. కొత్తది కొంచెము, నిన్నటిది తప్పక, పాతది వంతు ప్రకారము. తెలుగు బడిలో ఎక్కములు వల్లించినదియు, అవధానులు ధారణను సాధించినదియు సాధన బలముననే. ‘అభ్యాసము కూసు విద్య’ యను సామెత ఊరక పుట్టలేదు.

మరియొక దృష్టాంతము. బ్రయన్, హార్టర్ అనువారు 1897, 1899లలో తంతి గుమాస్తాల అభ్యాసమును పరిశీలించిరి. అభ్యాసకుడు మొదట వేగముగ ఎదిగి, పిదప వారముల తరబడి ఉన్నచోటనే నిలిచిపోవును. అటుపిమ్మట హఠాత్తుగ మరల ఎదుగును. ఏలయనగా, మొదట ఒక్కొక్క అక్షరమును వినెడివాడు, ఆ నిలిచిపోయిన కాలముననే పదములను మొత్తముగ వినుటకు సిద్ధపడుచుండును. షార్ట్‌కట్లు నేర్చువారికి కూడ ఈ నిలకడ తప్పక ఎదురగును. అక్కడ విసిగి మానుకొన్నవారే పెక్కుమంది.

నిఘంటువు కాదు, వ్యాకరణము

వీఐ ఎడిటరు మా వంటి భాషా బోధకులను ఆకర్షించుటకు కారణము కలదు. దాని ఆజ్ఞలు నిఘంటువు వలె విడివిడిగ నుండవు. వ్యాకరణము వలె క్రియయు కర్మయు కూడి వాక్యమగును. డి యను క్రియకు చెరుపుట యర్థము. సి యనగా చెరిపి, వెంటనే కొత్తది వ్రాయుట. వై యనగా నకలు పట్టుకొనుట. ఇక కర్మలు: డబ్ల్యు యనగా పదము, డాలరు గుర్తు పంక్తి చివర, సున్న పంక్తి మొదలు, కుడి మీసపు బ్రాకెట్టు పేరా చివర, పెద్దబడి జి ఫైలు చివర.

డి, డబ్ల్యు అని వరుసగ నొక్కిన పదము చెరుగును. డి, డాలరు నొక్కిన పంక్తి చివరివరకు చెరుగును. వై, డాలరు నొక్కిన అంతవరకు నకలు పట్టును. మూడు క్రియలు, ఐదు కర్మలు. వెరసి ఎనిమిది గుర్తులు. వానితో పదునైదు వాక్యములు సిద్ధించును. ముందు సంఖ్య చేర్చిన విశేషణమగును. క్రియను రెండుసార్లు పలికిన పంక్తి మొత్తమునకు వర్తించును. కావున మూడు, డి, డి యనగా మూడు పంక్తులు చెరుపుమని యర్థము. ధాతువులు తెలిసినవాడు రూపములను కంఠస్థము చేయనక్కరలేదు గదా!

కొత్తవారిని కలవరపెట్టునది ఈ ఎడిటరుకు గల రెండు స్థితులు. ఒకటి ఆజ్ఞలిచ్చు స్థితి, రెండవది వ్రాయు స్థితి. ఐ నొక్కిన వ్రాతలోనికి పోవుదుము. ఎస్కేప్ నొక్కిన ఆజ్ఞలకు మరలుదుము. బయటపడు త్రోవ తెలియక బెంబేలుపడినవారు లోకమున అసంఖ్యాకులు. ఎస్కేప్, కోలన్, క్యు, ఆశ్చర్యార్థకము, ఎంటర్: భద్రపరచకయే వెలుపలికి వచ్చు త్రోవ ఇది. భద్రపరచి వచ్చుటకు కోలన్, డబ్ల్యు, క్యు.

గుర్తులు మన మాటలలో

ఆంగ్లము మాతృభాషగా గలవారికి ఈ అక్షరములు తమ మాటల మొదళ్ళు. మన విద్యార్థులకు ఆ ఆసరా తక్కువ. ఇందుకు మేమొక ఉపాయము కనుగొంటిమి. నేటి పిల్లలు ఫోనులో తెలుగును, ఉర్దూను ఆంగ్లాక్షరములతో వ్రాయుచునే యున్నారు. ఆ అలవాటునే ఇటు మరలింపవచ్చును. రద్దుచేయు యు అక్షరమునకు తెలుగువారు ‘ఉపసంహరణ’ యనియు, ఉర్దూవారు ‘ఉల్టా’ యనియు గుర్తుపెట్టుకొనవచ్చును. నకలు పట్టు వై అక్షరమునకు తెలుగున ‘యథాతథము’, ఉర్దూన ‘యాద్’. చెరుపు డి అక్షరమునకు తెలుగున ‘దులుపు’, ఉర్దూన ‘దూర్’. అతికించు పి అక్షరమునకు తెలుగున ‘పెట్టు’, ఉర్దూన ‘పేష్’. తరగతిలో ఈ మాటలు చెప్పినపుడు పిల్లలు నవ్విరి. నవ్విన పిదప మరువలేదు. ఎవరి గుర్తును వారు కల్పించుకొనుట మరియు శ్రేష్ఠము. స్వయముగా కట్టిన ముడి గట్టిగ నుండును.

రెండు లిపుల చిక్కు

మన కళాశాల వంటి చోట మరియొక చిక్కు కలదు. సాధారణపు ఎడిటర్లలో తెలుగు లేఅవుటు అమరియున్నను కంట్రోలుతో కూడిన షార్ట్‌కట్లు పనిచేయును. వీఐలో ఆజ్ఞలు ఒంటి అక్షరములగుటచే అట్లు జరుగదు. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో జె మీట ‘ర’ యగును, డి మీట పొల్లు యగును. ఎడిటరునకు అవి ఆజ్ఞలు కావు. కావున ఎస్కేప్ నొక్కిన వెంటనే లేఅవుటును కూడ ఆంగ్లమునకు మార్చు అలవాటును జంటగా నేర్వవలెను.

తెలుగున చెరుపుట కూడ ఆలోచింపదగినదే. ‘స్త్రీ’ యను అక్షరము కంటికొకటి. యంత్రమునకు స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘము అను ఆరు సంకేతములు. బ్యాక్‌స్పేస్ సాధారణముగ ఒక్కొక్క సంకేతమును చెరుపుచు పోవును. డిలీట్ అక్షరమునంతటిని ఒక్కసారిగ తీసివేయును. గుడి మాత్రము తప్పినచో మొదటిదియే మేలు. ఉర్దూ వ్రాయువారు విండోస్‌లో కంట్రోలుతో కుడివైపు షిఫ్టును నొక్కిన పేరా కుడి నుండి ఎడమకు మరలును. ఎడమవైపు షిఫ్టును నొక్కిన తిరిగి ఎడమ నుండి కుడికి వచ్చును. ఏ దిక్కు కావలెనో ఆ దిక్కు షిఫ్టు. హోమ్ మీట ఉర్దూ పంక్తిలో కుడి అంచునకు చేర్చును. ఏలయనగా పంక్తి మొదలు అదియే.

అభ్యాస క్రమము

మొదటి వారమున మూడే నేర్వుడు: రద్దు, భద్రపరచుట, వెదకుట. ప్రాణము కాపాడునవి ముందు, వేగము పెంచునవి తరువాత. రెండవ వారమున మరి మూడు చేర్చుడు. మొదటి మూడును విడువకుడు. నేర్చిన పనికి మౌసును ఇక ముట్టరాదను నియమము పెట్టుకొనుడు. పట్టణములలోని టైపు ఇన్‌స్టిట్యూట్లలో మీటలను చూడరాదను నియమముతోనే ఎ, ఎస్, డి, ఎఫ్ వరుసను వందల పర్యాయములు కొట్టించిరి. లోయరు, హయ్యరు పరీక్షలు గెలిచిన పెద్దల వ్రేళ్ళు ముప్పది యేండ్లకు కూడ త్రోవ తప్పలేదు. ఒక చిన్న చీటిపై ఆ వారపు మూడింటిని చేతితో వ్రాసి తెర ప్రక్కన అంటింపుడు. చీటిని చూచుటకు ముందు ఒక క్షణము తలచుకొనుటకు ప్రయత్నింపుడు. ఆ ప్రయత్నమే స్మృతికి వ్యాయామము. విమ్‌తో పాటు వచ్చు ‘విమ్‌ట్యూటర్’ పాఠమును అరగంటలో చేయవచ్చును. అది చదువు పాఠము కాదు, చేయు పాఠము.

కడపట కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. మన ప్రయోగశాలకు వచ్చు పిల్లలలో పెక్కుమంది ఇంట కంప్యూటరు లేనివారు. వారికి లభించునది వారమునకు కొన్ని గంటలు మాత్రమే. ఉద్యోగ పరీక్షలలో వీరు ఇంట యంత్రము గలవారితో సమానముగ పోటీపడవలెను. తెలివిలో వీరు తక్కువవారు కారు. చేయి తిరుగుటకు కాలమే తక్కువ. ప్రతి ప్రయోగ తరగతి మొదట పది నిమిషములు మౌసులను ప్రక్కకు తీసియుంచి, మీటలతోనే వ్రాయించు ఏర్పాటు చేయుటకును, తెలుగు, ఉర్దూ, ఆంగ్ల భాషలలో ఒక చిన్న పట్టికను గోడపై వ్రేలాడదీయుటకును పెద్ద వ్యయము కాదు. దీనికి మార్కులు వలదు, పరీక్ష వలదు.

విద్యార్థులారా, ఈ వ్యాసమును చదివి ముగించితిరి గనుక మీకు కంట్రోలు జెడ్ తెలిసినదని తలపకుడు. మేమును ఒకప్పుడు అట్లే తలచితిమి. నేడే పోయి, ఒక పంక్తి వ్రాసి, చెరిపి, తిరిగి రప్పించుకొనుడు. రేపు మరల అట్లే చేయుడు. ఒకనాడు మీ నలువది పుటలు కన్నులయెదుట మాయమైనపుడు, మీరు కంగారుపడుటకు ముందే మీ వ్రేళ్ళు వానిని తిరిగి తెచ్చి యుండును.